పదిహేనేళ్ల ఆల్టోకి ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్): మెకానిక్ 38 వేలంటాడు, ఏజెంటు బండే తేవద్దంటాడు. అసలు ఏం చేయించాలి?

చంద్రగిరి_కోటవీధి
మా నాయన పేరు మీద ఆల్టో ఉండాది. చిత్తూరులో 2010 నవంబరు 18న రిజిస్ట్రేషన్ అయింది, ఏపీ 03 నంబరు. ఈ నవంబరుకు పదిహేనేళ్లు నిండతాయి. లక్షా నాలుగు వేల కిలోమీటర్లు తిరిగింది, అంతే. నాయన రిటైరైన టీచరు. నెలకొకసారి అమ్మను కూర్చోబెట్టుకుని ఆ బండిలోనే తిరుమల కొండకు పోయొస్తాడు. అమ్మడానికి ఆయన ఒప్పుకోడు, నాకూ మనసు రాదు.

మొన్న ఒక షెడ్డుకు తీసకపోయినా. ఆయన బండి చుట్టూ ఒక రౌండు కొట్టి, కిందికి వంగి కూడా చూడకుండా ముప్పై ఎనిమిది వేలు అన్నాడు. సస్పెన్షన్ మొత్తం, క్లచ్, ఫుల్ పెయింటింగ్. క్లచ్‌కీ ఎఫ్‌సీకీ ఏం సంబంధం అని అడిగితే "ఇన్‌స్పెక్టర్ ఊరుకోడు సార్" అన్నాడు. బయటికి రాగానే ఒక ఏజెంటు తగులుకున్నాడు. ఎనిమిది వేలు ఇస్తే బండి తేనక్కర్లేదంట, ఫోటోలు పంపితే చాలంట.

ఇద్దరి మాటా నాకు మింగుడు పడలేదు. ఇన్‌స్పెక్షన్‌లో నిజంగా ఏమేం చూస్తారు, ఏది ముందు చేయించాలి? ఈ మధ్య సొంతంగా పోయి చేయించుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

రేణిగుంట_జంక్షన్
ఎనిమిది వేలు పారేసి వదిలించుకో అన్నా. రెండు రోజులు సెలవు పెట్టి తిరిగితే అంతకన్నా జాస్తి అవుతుంది.

ఎల్లోబోర్డు_17ఏళ్లు
జంక్షన్ తమ్ముడూ, ఆ మాట ఇంకెవరికన్నా చెప్పు. నెలనెలా కొండ దిగే బండికి చెప్పొద్దు.

నేను అలిపిరి నుంచి పైకి యాత్రికులను తోలతా ఉండా, పదిహేడేళ్లయింది. మా పసుపు బోర్డు బండ్లకు మొదటి ఎనిమిదేళ్లు రెండేళ్లకొకసారి ఎఫ్‌సీ, ఆపైన ప్రతి ఏడూ. అంటే నేను ఆ లైన్లో చాలాసార్లు నిలబడినోణ్ణి. బండ్లు చూసే ఎంవీఐని (మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్‌ను) మన పక్క బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అని ఊరికే పిలవరు. మొదట చూసేది బ్రేకే, చివర చూసేదీ బ్రేకే. కాలి బ్రేకు, చేతి బ్రేకు, రెండూ. ఆ తర్వాత స్టీరింగులో ఆట ఎంతుంది, లైట్లు అన్నీ వెలగతాయా, హారన్, వైపర్, అద్దాలు, టైర్లు, సైలెన్సర్ పొగ, స్పీడు మీటరు తిరగతా ఉందా, సీటు బెల్టు, నంబరు ప్లేటు. తర్వాత బానెట్ ఎత్తి చాసిస్ నంబరు, ఇంజన్ నంబరు ఆర్‌సీతో సరిపోతాయా లేదా.

క్లచ్ ఎవరూ అడగరు. గీతలు పడిన పెయింటు ఎవరూ అడగరు. తుప్పు పట్టి రేకు చిల్లులు పడి ఉంటే, పదునుగా బయటికి పొడుచుకుని వచ్చి ఉంటే అడుగుతారు. అది రేకు అతికే టింకరింగ్ పని, ఫుల్ పెయింటింగ్ కాదు.

మీ నాయన వయసాయన దిగేది పాత ఘాట్‌లో. 1944లో వేసిన దారి అది, దిగడానికి నలభై నిమిషాలు తక్కువ కాకుండా పట్టాలని టైము రాసి మరీ పంపతారు. ఆ నలభై నిమిషాలూ ఆ బండిని పట్టుకునేది ఏందో ఆలోచించు. ఏజెంటు ఇచ్చే కాగితం పట్టుకోదు.

చంద్రగిరి_కోటవీధి
ఇది చదివినాక ఏజెంటు ఆలోచన పూర్తిగా వదిలేసినా అన్నా. నాయన దిగేటప్పుడు పక్కన కూర్చుంటే ఎప్పుడూ కాలు బ్రేకు మీదనే ఉంటుంది. మొన్న కింద అలిపిరి దగ్గర ఆపినప్పుడు కాలిన వాసన వచ్చింది. "అన్ని బండ్లకూ వస్తుందిలే" అన్నాడు.

స్పానర్_పన్నెండు_పదమూడు
ఆ వాసన చెప్పినావు కాబట్టి ఆగి రాస్తా ఉండా. చిత్తూరులో నాది చిన్న షెడ్డు, పెద్ద షోరూం కాదు.

మొదట వెనక బ్రేకు డ్రమ్ములు విప్పించు. నువ్వు పక్కనే నిలబడు. ఆల్టోలో ముందు డిస్కు, వెనక డ్రమ్ము. డ్రమ్ము ఊడదీయగానే లోపల నల్లని పొడి ఉంటుంది, అది మామూలే. పొడి బదులు తడిగా, జిడ్డుగా, ముద్ద మాదిరి ఉందంటే వీల్ సిలిండర్ (ఆయిల్ ఒత్తిడితో బ్రేకు షూను డ్రమ్ముకు నెట్టేది) కారతా ఉన్నట్టు. పైన ఉండే చిన్న రబ్బరు తొడుగును వేలితో వెనక్కి లాగి చూడు, లోపల నుంచి ఆయిల్ బొట్టు వస్తే ఇంక అనుమానమే లేదు. ఆయిల్ తాగిన షూను ఉప్పు కాగితం పెట్టి రుద్ది మళ్లీ వేసేవాళ్లు ఉన్నారు. ఒప్పుకోవద్దు. ఆయిల్ లోపలికి ఇంకిపోయి ఉంటుంది, వేడెక్కితే మళ్లీ పైకి వస్తుంది. రెండు వైపులా సెట్టు మార్చాలి. ఒక పక్క కొత్తది, ఒక పక్క పాతది వేస్తే బ్రేకు కొట్టినప్పుడు బండి ఒక పక్కకు లాగుతుంది. బ్రేకు కొలిచే రోలర్ మెషీన్ మీద ఎక్కించినప్పుడు కుడి ఎడమల తేడా అక్కడే బయటపడేది.

రెండోది బ్రేక్ ఆయిల్. ఎప్పుడు మార్చినారో మీ నాయనను అడుగు. చాలామంది తగ్గితే పోస్తారు గానీ మొత్తం తీసి మార్చరు. ఆ ఆయిల్ గాలిలో తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం ఆయిల్ కొత్తది 205 డిగ్రీల దగ్గర మరుగుతుంది, తేమ బాగా పట్టినాక 140కే మరుగుతుంది. డాట్ 4 అయితే 230, 155. ఘాట్‌లో కాలు తీయకుండా తొక్కితే ఆ వేడి ఆయిల్ దాకా పోతుంది. మరిగితే బుడగలు వస్తాయి. ఆయిల్ నలగదు, బుడగ నలుగుతుంది. పెడలు స్పాంజి తొక్కినట్టు లోపలికి పోతుంది, బండి మాత్రం ఆగదు. కింద ఆపి అరగంట కూర్చుంటే మళ్లీ మామూలుగా పని చేస్తుంది. అందుకే షెడ్డుకు తెచ్చినప్పుడు మాకు తప్పు కనబడదు. రెండేళ్లకొకసారి ఆయిల్ మార్చి ఎయిర్ తీయించుకుంటే ఈ బాధ లేదు.

మూడోది చేతి బ్రేకు. లివర్ ఎత్తితే ఎన్ని టిక్కులు పడతాయో లెక్కపెట్టు. పది, పన్నెండు దాకా పోతా ఉంటే కేబుల్ సాగినట్టో, షూ అరిగినట్టో.

రేణిగుంట_జంక్షన్
స్పానర్ అన్నా, నా బండి పెడలు కూడా కొండ దిగినాక మెత్తగా అవుతుంది, ఇన్నాళ్లూ ఎండకు అనుకున్నా. రేపే తెస్తా. ముందు చెప్పిన మాట వెనక్కి తీసుకుంటా ఉండా.

స్పానర్_పన్నెండు_పదమూడు
తీసుకురా. కొండకు మాత్రం అంతవరకూ ఎక్కించవద్దు.

తోతాపురి
కాగితాల సంగతి ఎవరూ చెప్పలేదు. పోయిన ఏడాది నా బండికి నేనే చేసుకున్నా కాబట్టి చెప్తా.

గడువుకు 60 రోజుల ముందు నుంచి అప్లై చేయొచ్చు. ఫారం 25. రవాణా శాఖ పరివాహన్ సైటులో నింపి, ఫీజు కట్టి, స్లాట్ తీసుకోవాలి. నేను కట్టినప్పుడు కారుకు 5,000. 2022 ఏప్రిల్ 1కి ముందు ఇదే 600 ఉండేది. గడువు దాటిందంటే నెలకు 500 చొప్పున పడుతుంది. గ్రీన్ ట్యాక్స్ వేరే. పాస్ అయితే ఇంకో అయిదేళ్లకు ఆర్‌సీ వస్తుంది. ఇరవై ఏళ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టులో ఫీజు 10,000 చేసినారు, మీకు ఇంకా ఆ బాధ లేదు.

ఇన్సూరెన్సు నడుస్తా ఉండాలి. పీయూసీ (పొగ పరీక్ష సర్టిఫికెట్) ఉండాలి. బండి 2010 నాటిది, మన జిల్లాలో కొన్నది కాబట్టి బీఎస్-3 (పొగ మీద ప్రభుత్వం పెట్టిన పాత కొలత) అయుంటుంది. దానికి పీయూసీ ఆరు నెలలే. బీఎస్-4 నుంచే ఏడాది. చలానాలు ఏమైనా ఉంటే ముందే కట్టేయండి.

తోతాపురి
ఇంకొకటి మర్చిపోయినా. ఆర్‌సీకి లింకైన ఫోను నంబరు ఏదో చూసుకో. మాది పన్నెండేళ్ల కిందటి నంబరు, అది ఇప్పుడు ఇంకెవరిదో. ఓటీపీ పోతే వాళ్లకు పోవాల. ఆ నంబరు మార్పించుకోవడానికే నాకు వారం పట్టింది.

చంద్రగిరి_కోటవీధి
చూసినా. నాయన పాత నంబరే ఉంది, ఆ సిమ్ ఇప్పుడు లేదు. ఇంకో చిక్కు కూడా బయటపడింది. లోను 2015లోనే తీరిపోయింది గానీ ఆర్‌సీలో ఫైనాన్స్ వాళ్ల పేరు ఇంకా అట్లనే ఉండాది.

తోతాపురి
లోను తీరిందని ఫైనాన్స్ వాళ్లు ఇచ్చే ఎన్‌వోసీ ఇంట్లో ఉందా? ఉంటే ఫారం 35 మీద ఫైనాన్స్ వాళ్ల సంతకం, మీ నాయన సంతకం పెట్టించి హైపోథికేషన్ (ఆర్‌సీలో ఉన్న ఆ లోను పేరు) తీయించు. ఇది ముందు అయిపోనీ, తర్వాత రెన్యూవల్. రెండూ కలిపి పెట్టుకుంటే ఒకదాని కోసం ఒకటి ఆగిపోతాయి.

చంద్రగిరి_కోటవీధి
ఎన్‌వోసీ అమ్మ పట్టుచీరల బీరువాలో దొరికింది. పదేళ్ల నాటిది కదా, మళ్లీ కొత్తది తెమ్మన్నారు. రేపు పోతా.

గంగజాతర_గల్లీ
పీయూసీకి నాకు తెలిసిన ఒక చిట్కా. ట్యాంకులో కొంచెం థిన్నర్ పోసి తిప్పితే రీడింగు దిగిపోతుంది. మా వీధిలో ఆటోవాళ్లందరూ చేస్తారు.

స్పానర్_పన్నెండు_పదమూడు
వద్దప్పా. ఇంజెక్టర్లు, రబ్బరు పైపులు పాడైపోతాయి. అసలే ఇప్పుడొచ్చే పెట్రోలులో 20 శాతం ఇథనాల్. 2010 బండి రబ్బర్లు దానికి తయారైనవి కావు, ట్యాంకు నుంచి వచ్చే పైపులు గట్టిపడి పగుళ్లు ఇస్తా ఉండాయి. కోటవీధి, పెట్రోలు వాసన వస్తే ముందు ఆ పైపు చూపించు.

ఆ బండికి పీయూసీలో కార్బన్ మోనాక్సైడ్ 0.5 శాతం లోపల, హైడ్రోకార్బన్ 750 లోపల రావాలి. ఇంజెక్షన్ బండి కాబట్టి బాగుంటే కష్టమే కాదు. ఎయిర్ ఫిల్టర్ తీసి వెలుతురుకు పెట్టి చూడు, వెలుగు రాకపోతే మార్చు. ప్లగ్గులు విప్పి చూడు. కొన మీద నల్లగా మసి ఉంటే పెట్రోలు జాస్తి పోతా ఉంది. ఇటుక రంగులో ఉంటే బాగుంది. సైలెన్సర్ జాయింట్ దగ్గర లీకు ఉండకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, చల్లని ఇంజన్‌తో పోవద్దు. చంద్రగిరి నుంచి బైపాస్ మీద పదిహేను ఇరవై కిలోమీటర్లు తోలి, ఇంజన్ ఆపకుండా నేరుగా పీయూసీ దగ్గరికి పో. సైలెన్సర్‌లో ఉండే కన్వర్టర్ వేడెక్కితేనే పని చేస్తుంది. ఇంటి పక్కనే సెంటర్ ఉందని స్టార్ట్ చేసి పోయినవాళ్లే ఫెయిలయ్యేది.

గంగజాతర_గల్లీ
థిన్నర్ మాట వెనక్కి తీసుకున్నా. ఎయిర్ ఫిల్టర్ నా బండిదే మూడేళ్లయింది.

పీలేరు_అక్క
ఈ చర్చ చదువుతా ఉంటే మా తమ్ముడి సంగతి గుర్తొచ్చింది, రాయకుండా ఉండలేకపోతున్నా. వాడిది ఓమ్ని. కాగితం అంతా సరిగ్గానే ఉంది, బండి చూడకుండానే ఎఫ్‌సీ అయిపోయింది. నాలుగు నెలలకు మామిడికాయల లోడుతో దామలచెరువు నుంచి వస్తా ఉంటే పాకాల దగ్గర దిగుడులో వెనక చక్రం పట్టేసింది. ఒక పక్క మాత్రమే. బండి అడ్డం తిరిగి గుంతలో పడింది. చెయ్యి విరిగింది, ప్రాణానికి ఏం కాలేదు. డ్రమ్ము విప్పితే లోపల షూ లైనింగు ఊడిపోయి ముక్కలుగా అడ్డం పడి ఉంది. ఆ రోజు ఎవరైనా ఒక్క పది నిమిషాలు ఆ చక్రం విప్పి చూసుంటే అని అమ్మ ఇప్పటికీ అంటుంది.

కోటవీధి తమ్ముడూ, బండిని తీసకపోయి చూపించుకో. నాయననూ వెంట తీసకపో, ఆయన కూడా వినాల.

ఎల్లోబోర్డు_17ఏళ్లు
అక్కా, చెయ్యి ఇప్పుడు బాగుందా?

పీలేరు_అక్క
బాగుందన్నా. మళ్లీ తోలతా ఉండాడు. నెలకొకసారి డ్రమ్ములు విప్పిస్తాడు, మెకానిక్ వద్దన్నా వినడు.

ఎస్‌వీయూ_బ్యాక్‌గేటు
బ్లాక్ ఫిలిం ఉంటే ఫెయిల్ చేస్తారా? మే నెలలో మన తిరుపతి ఎండకు ఫిలిం లేకుండా కారులో కూర్చోవడం అయ్యే పనేనా?

తోతాపురి
తీసేసి పో. 2012లో సుప్రీంకోర్టు అతికించే ఫిలిం వద్దని చెప్పేసింది. అద్దం తయారీలోనే ముందూ వెనకా 70 శాతం, పక్కల 50 శాతం వెలుతురు పోయేలా ఉంటే సరే.

ఎస్‌వీయూ_బ్యాక్‌గేటు
చిన్న పిల్ల ఉంది ఇంట్లో. వెనక సీటులో ఎండ నేరుగా మొహం మీద పడుతుంది. రూలు రాసినవాళ్లు ఒక్కసారి రేణిగుంట రోడ్డు మీద మధ్యాహ్నం రెండింటికి తిరగాల.

పీలేరు_అక్క
మెష్ తెర దొరుకుతుంది, వెనక పక్క అద్దానికి తగిలించి ఆపినప్పుడు వేసుకోవచ్చు. ఇన్‌స్పెక్షన్ నాడు తీసి డిక్కీలో పెట్టుకో. పాపకు నేను నూలు గుడ్డ తడిపి మెడ మీద వేసేదాన్ని, అదే నయం.

కాణిపాకం_మలుపు
మా ఇంట్లో ఒక పోట్లాట నడుస్తా ఉంది, తీర్పు చెప్పండి. నంబరు ప్లేటు మీద శంఖుచక్రాలు, తిరునామం ఉన్నాయి. మా ఆయన దేవుడి గుర్తు తీయడానికి చెయ్యి రాదంటాడు.

ఎల్లోబోర్డు_17ఏళ్లు
అమ్మా, స్వామిని ప్లేటు మీద నుంచి డ్యాష్‌బోర్డు మీదికి తెచ్చుకోండి, ఇంకా దగ్గరవుతాడు. ప్లేటు మీద నంబరు తప్ప ఏమీ ఉండకూడదు. హై సెక్యూరిటీ ప్లేటు వేయించుకోండి. బంపరుకు కట్టే నిమ్మకాయలు, మిరపకాయలు ఎవరూ వద్దనరు గానీ ప్లేటుకు అడ్డం రాకుండా పక్కకు కట్టండి.

కాణిపాకం_మలుపు
డ్యాష్‌బోర్డు మాటకు ఒప్పుకున్నాడు! నిమ్మకాయలు వారంవారం మార్చే పని మాత్రం నాదే.

గ్రీమ్స్‌పేట_గోపురం
అందరూ రిపేరే చెప్తా ఉండారు. ఇంకో దారి కూడా చెప్పాల కదా. పదిహేనేళ్ల బండికి ఖర్చు పెట్టడం కన్నా గుర్తింపు ఉన్న స్క్రాపింగ్ సెంటరుకు ఇచ్చేస్తే డిపాజిట్ సర్టిఫికెట్ ఇస్తారు, కొత్త బండి ట్యాక్సులో 25 శాతం దాకా తగ్గింపు ఉంటుంది. ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్ (గట్టిగా బ్రేకు తొక్కినా చక్రాలు పట్టేయకుండా చూసేది) ఉన్న బండి కొను. డెబ్బై దాటిన మనిషి కొండ దిగేది ఏబీఎస్ లేని బండిలోనా?

చంద్రగిరి_కోటవీధి
అన్నా, మీరు చెప్పింది తప్పని అనను. ఏబీఎస్ మాట నన్ను రాత్రి నిద్ర పోనీలేదు. కానీ నాయనకు ఆ గేరు, ఆ స్టీరింగు చేతికి అలవాటు. కొత్త బండి పోయిన ఏడు మా బావది తోలి చూసినాడు, బ్రేకు అనుకుని రెండుసార్లు గట్టిగా తొక్కి అదిరిపడినాడు. తెలిసిన బండిని బాగు చేసుకోవడమే ప్రస్తుతానికి మంచిదని నాకు అనిపిస్తా ఉంది. రేపు ఏదైనా పెద్ద భాగం పోయిందంటే మీ మాటే వింటా.

గ్రీమ్స్‌పేట_గోపురం
సరే. అయితే నాయనకు రెండో గేరులో దిగడం నేర్పించు. అది ఏబీఎస్ కన్నా ముందు.

ఎల్లోబోర్డు_17ఏళ్లు
అవును. ఏ గేరులో ఎక్కితే ఆ గేరులోనే దిగాల. ఇంజనే బండిని పట్టుకుంటుంది. బ్రేకు మలుపుకు ముందు ఒకసారి గట్టిగా తొక్కి వదలాలి, ఊరికే ఆనించి పెట్టకూడదు. న్యూట్రల్ చేసి పెట్రోలు మిగిల్చేవాళ్లను చూస్తే నాకు వణుకు వస్తుంది.

నెల్లూరు_రోడ్డు
నాది సీఎన్‌జీ కిట్ ఉన్న వ్యాగనార్. ఇంకేమైనా అదనంగా అడుగుతారా?

తోతాపురి
కిట్ ఆర్‌సీలో ఎక్కి ఉండాలి. సిలిండరుకు మూడేళ్లకొకసారి హైడ్రో టెస్టు (నీటి ఒత్తిడి పరీక్ష) చేయించాలి, ఆ తేదీ సిలిండరు ప్లేటు మీద ఉంటుంది. దాటిపోయి ఉంటే ముందు అది చేయించు.

చంద్రగిరి_కోటవీధి
వారం తర్వాత వస్తా ఉండా. స్పానర్ అన్న చెప్పినట్టే, మా ఊర్లో తెలిసిన మెకానిక్ దగ్గర డ్రమ్ములు విప్పించినా. నాయనను కూడా పిలుచుకుపోయినా, స్టూలు వేసి కూర్చోబెట్టినాం.

కుడి పక్క పొడి, బాగుంది. ఎడమ పక్క డ్రమ్ము రాలేదు. సుత్తితో చుట్టూ తట్టి తట్టి తీస్తే లోపల తారు మాదిరి నల్లని ముద్ద. వీల్ సిలిండర్ రబ్బరు లాగగానే బొట్టు కాదన్నా, ధార కారింది. షూ మీద ఒక సగం మెరుస్తా ఉంది అద్దం మాదిరి, ఇంకో సగం తడి. నాయన ఆ షూను చేతిలోకి తీసుకుని వేలితో రుద్ది, వాసన చూసి, చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "ఇదా ఆ వాసన" అన్నాడు. అంతే. అమ్మ వైపు చూడలేదు.

రెండు వైపులా వీల్ సిలిండర్లు, షూలు మార్చినాం. డ్రమ్ములు లేత్ పట్టించినాం. బ్రేక్ ఆయిల్ మొత్తం తీసేస్తే టీ డికాషన్ రంగులో వచ్చింది, డాట్ 4 పోసి నాలుగు చక్రాలకూ ఎయిర్ తీసినాం. చేతి బ్రేకు పదకొండు టిక్కుల నుంచి ఆరుకు వచ్చింది. ఎడమ పక్క టై రాడ్ ఎండ్‌లో (స్టీరింగును చక్రానికి కలిపే కీలు) ఆట ఉంటే అదీ మార్చినాం. అన్నీ కలిపి తొమ్మిది వేల రెండొందలు.

పీలేరు_అక్క
కొండ దేవుడు కాపాడినాడు తమ్ముడూ. చదువుతా ఉంటే ఒళ్లు జలదరించింది.

స్పానర్_పన్నెండు_పదమూడు
మంచి పని చేసినావు. ఇప్పుడు టైర్లు. కాలువల మధ్య చిన్న గట్టులు ఉంటాయి, రబ్బరు అరిగి ఆ గట్టులకు సమానం అయిందంటే మార్చాల్సిందే, కారుకు 1.6 మిల్లీమీటర్లు తగ్గకూడదు. కానీ మీ బండి తక్కువ తిరిగింది, నీ బాధ అరుగుదల కాదు, వయసు. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం. చూసి చెప్పు. స్టెప్నీ కూడా చూడు.

చంద్రగిరి_కోటవీధి
1116. పక్కల సన్నటి పగుళ్లు. కాలువలు మాత్రం కొత్తవాటి మాదిరి ఉండాయి. ఇన్నాళ్లూ కాలువలు చూసి మురిసిపోయినాం.

స్పానర్_పన్నెండు_పదమూడు
తొమ్మిదేళ్లు దాటింది. నాలుగూ మార్చు.

ఎస్‌వీయూ_బ్యాక్‌గేటు
హెడ్‌లైట్లు? నేను తెల్ల ఎల్‌ఈడీ బల్బులు వేసినా, రాత్రి బాగా కనిపిస్తుంది.

ఎల్లోబోర్డు_17ఏళ్లు
నీకు బాగా కనిపిస్తుంది, ఎదురొచ్చేవాడికి ఏమీ కనిపించదు. కంపెనీ బల్బు 60/55 వాట్లది వేసుకో, గాజు పచ్చబడి ఉంటే పాలిష్ పట్టించు, వెలుగు అదే పెరుగుతుంది. గోడ ముందు బండి పెట్టి బల్బుల ఎత్తులో సుద్దతో గీత గీయి. ఇరవై అయిదు అడుగులు వెనక్కి వచ్చి లో బీమ్ వేస్తే వెలుగు అంచు ఆ గీతకు ఒకటి రెండు అంగుళాలు కిందే పడాల. పైకి పోతే స్క్రూ తిప్పించు.

తోతాపురి
వెనక లైట్లు కూడా. బ్రేకు తొక్కితే ఇండికేటరు మినుకుమినుకుమంటే బల్బు తప్పు కాదు, ఎర్తు తప్పు. హోల్డరు విప్పి తుప్పు గీకితే సరిపోతుంది. నాకు అయిదు రూపాయల ఉప్పు కాగితంతో పోయింది ఆ పని, షెడ్డులో కొత్త ల్యాంపు అన్నారు.

స్పానర్_పన్నెండు_పదమూడు
కోటవీధీ, చాసిస్ నంబరు ఒకసారి చూసుకున్నావా? బానెట్ ఎత్తితే ఇంజన్ వెనకాల అడ్డ రేకు మీద కొట్టి ఉంటుంది. మట్టి, గ్రీసు, ఎవరో కొట్టిన పెయింటు, వీటి కింద కనబడకుండా పోయుంటుంది. కాగితం పెట్టి పెన్సిల్ రుద్దితే అంకెలన్నీ తేలాలి. కిరోసిన్ గుడ్డతో మెల్లగా తుడువు. ఉప్పు కాగితం, వైరు బ్రష్ దాని మీద పెట్టవద్దు, అంకె చెరిగితే దిద్దినట్టు అనుమానం వస్తుంది, అప్పుడు ఎవరూ కాపాడలేరు.

చంద్రగిరి_కోటవీధి
తుడిచినాం. ఆఖరి మూడు అంకెల మీద ఎప్పటిదో సిల్వర్ పెయింటు పడి ఉంది. నాయన పాత బనీను, కిరోసిన్ తీసుకుని ఒక గంట కూర్చుని ఒక్కో అంకె బయటికి తీసినాడు, కాపీలు దిద్దినట్టు.

రేణిగుంట_జంక్షన్
నా బండి సంగతి కూడా చెప్పాల. స్పానర్ అన్న దగ్గరికి తీసకపోయినా. ఆయిల్ ఆరేళ్లది. మార్చినాక పెడలు రాయి మాదిరి ఉంది.

చంద్రగిరి_కోటవీధి
అయిపోయింది. ఆలస్యంగా రాస్తా ఉండా, క్షమించండి.

హైపోథికేషన్ తీయడానికి పద్దెనిమిది రోజులు పట్టింది, ఫోను నంబరు మార్పుకు ఇంకో నాలుగు రోజులు. బండి కన్నా కాగితమే ఎక్కువ తిప్పింది. బ్రహ్మోత్సవాలు అయినాక స్లాట్ దొరికింది. పొద్దున్నే బైపాస్ మీద ఒక చుట్టు కొట్టి పీయూసీ చేయించినా, కార్బన్ మోనాక్సైడ్ 0.21 వచ్చింది.

ఇన్‌స్పెక్షన్‌లో మొదటిసారి ఆపేసినారు. బ్రేకులు కాదు. కుడి ఎడమ దాదాపు సమానం వచ్చింది, చేతి బ్రేకు కూడా పట్టింది. వెనక సీటు బెల్టు ఒకటి బకిల్ పట్టలేదు! పదిహేనేళ్లలో ఆ బెల్టు ఎవరూ పెట్టుకోలేదు, సీటు కిందికి పోయి బొరుగులు, బిస్కెట్ పొడి నిండిపోయి ఉంది. వాషర్ నీళ్లు కూడా చిమ్మలేదు, సూది రంధ్రం పూడుకుపోయింది. అక్కడి ఆఫీసరు కసురుకోలేదు, బాగు చేసుకుని సాయంత్రం నాలుగు లోపల తెమ్మన్నాడు. బకిల్ విప్పి బ్రష్‌తో కడిగినాం, వాషర్ రంధ్రంలో గుండుసూది పెట్టి తీసినాం. మూడున్నరకు మళ్లీ చూపించినాం. పాస్.

కొత్త ఆర్‌సీలో 2030 నవంబరు 17 అని పడింది.

తోతాపురి
బకిల్ సంగతి ఎవరమూ చెప్పలేదు కదా నీకు. నా బండివి ఇప్పుడే పోయి చూసొచ్చినా, ఒకటి పట్టడం లేదు.

పీలేరు_అక్క
నాయన ఏమన్నాడు?

చంద్రగిరి_కోటవీధి
శనివారం పొద్దున కొండకు పోయినాం అక్కా, నేను పక్క సీటులో. దిగేటప్పుడు రెండో గేరులో పెట్టి, అడుగడుగుకూ "ఇప్పుడు వదలాల్నా?" అని నన్ను అడుగుతా వచ్చినాడు. నలభై ఎనిమిది నిమిషాలు పట్టింది. అలిపిరిలో ఆపి నాయనే దిగి, వెనక చక్రం దగ్గర వంగి, అరచేయి దగ్గరగా పెట్టి చూసినాడు. వాసన లేదు. అమ్మకు వెనక బెల్టు ఆయనే పెట్టినాడు ఆ రోజు.

ఎల్లోబోర్డు_17ఏళ్లు
ఆ టైములో నేనూ దిగతా ఉండాను తమ్ముడూ, తెలిసుంటే టీ తాగేవాళ్లం. ఈసారి వచ్చినప్పుడు ముందు రోజు ఇక్కడ ఒక మాట రాయి.

నెల్లూరు_రోడ్డు
టైర్లు ఏ సైజు వేసినారు? మా నాన్నది కూడా అదే ఆల్టో, డిసెంబరులో గడువు.

చంద్రగిరి_కోటవీధి
145/80 ఆర్12, బండికి వచ్చిందే. పెద్దవి వేయొద్దు. డిసెంబరు అంటే 60 రోజుల లెక్కకు వచ్చేసింది, ఫోను నంబరు ఈరోజే చూసుకో.